పధ్నాలుగు బళ్లు, ఒకే జట్టు: పల్లె స్కూల్ కాంప్లెక్స్‌ను, పిల్లల కార్యక్రమాలను నడిపే పద్ధతి

కబడ్డీ ఆడాలంటే కోర్టులో ఏడుగురు కావాలి, బయట ఇంకో ఐదుగురు కూర్చోవాలి. మా కాంప్లెక్స్‌లోని (ఒక హైస్కూలు, దాని చుట్టుపక్కల చిన్న బళ్లు కలిసిన గుంపు) ఒక యూపీ, అంటే అప్పర్ ప్రైమరీ స్కూల్లో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు కలిపితే ఆడపిల్లలు తొమ్మిది మంది. వాళ్లలో ఇద్దరికి ఆటంటే ఇష్టం లేదు. ఒకమ్మాయి చెల్లెల్ని చూసుకోవాలని మధ్యాహ్నం అన్నం తినగానే ఇంటికి వెళ్లిపోయేది. ఆ బడి నుంచి ఏళ్ల తరబడి మండల ఎంపికలకు ఒక్క ఆడపిల్ల కూడా పోలేదు. వాళ్లకు ఆట రాదని కాదు, జట్టుకు మనుషులు చాలలేదు, అంతే.

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, ఆదోని వైపు, నేను హైస్కూల్ హెచ్‌ఎంగా (ప్రధానోపాధ్యాయుడిగా) ఉంటూ కాంప్లెక్స్ బాధ్యత కూడా చూశాను. ఒక హైస్కూలు, రెండు యూపీలు, పదకొండు ప్రైమరీలు. ఆ పని నాకు నేర్పింది ఒకటే: పల్లెలో చిన్న బడి ఒంటరిగా ఆటలపోటీ పెట్టలేదు, సైన్స్ ఫెయిర్ చేయలేదు, ఒక టీచరు సెలవు పెడితే తట్టుకోలేదు. పధ్నాలుగు ఊళ్లలో గదులున్న ఒకే బడి అనుకుని నడిపితే ఇవన్నీ జరుగుతాయి. ఇది కొత్త మాటేం కాదు. 1964–66 నాటి కొఠారీ కమిషన్ స్కూల్ కాంప్లెక్స్ అన్నది ఇందుకే. 2020 జాతీయ విద్యావిధానం మళ్లీ అదే చెప్పింది. కానీ చాలాచోట్ల కాంప్లెక్స్ అంటే మీటింగు, సంతకం, టీ. కొత్తగా కాంప్లెక్స్ హెచ్‌ఎం లేదా ఎంఈఓ (మండల విద్యాధికారి) బాధ్యత తీసుకున్నవాళ్లు దాన్ని నిజంగా ఎలా నడపవచ్చో, నేను చేసిన వరుసలోనే చెబుతాను.

1. మొదటి పదిహేను రోజులు బండి మీద తిరగండి

జూన్‌లో బళ్లు తెరవగానే ఆఫీసులో కూర్చోకండి. ఒక్కో బడికి ఒక్కో పూట పెట్టుకుని, ప్రేయర్ బెల్లు కొట్టకముందే అక్కడుండేలా బయల్దేరండి. ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకుని బడికి రెండు పేజీలు కేటాయించండి.

రిజిస్టర్‌లోని సంఖ్య కాదు, కూర్చున్న తలలు లెక్కపెట్టండి. ఆడపిల్లల టాయిలెట్‌లో నీళ్లు వస్తున్నాయా, దాని తాళంచెవి ఎవరి దగ్గరుంది అని చూడండి. తాళంచెవి స్టాఫ్‌రూమ్‌లో మేకుకు వేలాడుతుంటే ఆ టాయిలెట్ పిల్లలకు లేనట్టే. ఆటస్థలం ఎవరిది, అందులో పేడకుప్పలు, వాములు ఎవరివి? ఇంట్లో పిల్లలు ఏ భాష మాట్లాడతారు? మా వైపు తెలుగు మీడియం బడిలో కూర్చున్న పిల్లల్లో ఇంటికి పోగానే కన్నడం మాట్లాడేవాళ్లు, ఉర్దూ మాట్లాడేవాళ్లు చాలామంది. బాలసభలో నోరు విప్పని పిల్లను మొద్దు అని రాసేముందు ఇది తెలిసుండాలి.

చివరగా ప్రతి తరగతిలో ఒక ప్రశ్న అడగండి: "నిన్న సాయంత్రం ఏం ఆడారు?" ఒక ఊళ్లో మగపిల్లలంతా వాలీబాల్ అన్నారు. గుడి వెనక యువకులు కట్టుకున్న నెట్ దగ్గర వీళ్లు బంతులు అందిస్తూ అందిస్తూ ఆట నేర్చుకున్నారట. ఆ సంగతి బడిలో ఎవరికీ తెలియదు. ఆ ఏడాది మా మండల అండర్-14 వాలీబాల్ జట్టులో ముగ్గురు ఆ ఊరివాళ్లే.

తిరగడం అయ్యాక బళ్ల మ్యాపు గీయండి. రోడ్లు కాదు, కాలిబాటలు గీయాలి. విద్యాహక్కు చట్టం నియమాల ప్రకారం ప్రైమరీ 1 కిలోమీటరులోపు, అప్పర్ ప్రైమరీ 3 కిలోమీటర్లలోపు ఉండాలి కాబట్టి బళ్లు దగ్గర దగ్గరే ఉంటాయి. వానాకాలంలో వాగు అడ్డొచ్చే దారిని ఎర్ర గీతతో గుర్తుపెట్టండి. పిల్లలు నడిచి కలుసుకోగలిగిన బళ్లను ఒక జట్టుగా కలపండి. మా పధ్నాలుగు బళ్లు ఇలా నాలుగు జట్లయ్యాయి. తర్వాత చేసినవన్నీ ఈ నాలుగు జట్ల మీదే నిలబడ్డాయి.

2. బడి క్యాలెండర్ మీద ఊరి క్యాలెండర్ రాయండి

అకడమిక్ క్యాలెండర్ పైనుంచి వస్తుంది. ఏ నెలలో ఏ పరీక్షో అందులో ఉంటుంది. ఊళ్లో ఏ నెలలో ఏం జరుగుతుందో ఉండదు. పెద్ద చార్టు ఒకటి తీసుకుని రెండూ పక్కపక్కన రాయండి. మా చార్టులో ఏరువాక, పీర్ల పండుగ, శ్రావణంలో మంత్రాలయం ఆరాధన, దసరా రాత్రి దేవరగట్టు బన్ని ఉత్సవం, ఏ ఊరి జాతర ఆ ఊరిది, పత్తి తీసే నెలలు, చివర్న సుగ్గి ఉండేవి. సుగ్గి అంటే మావైపు కోతల కూలికి వలసపోవడం. పడమటి మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు మిరపకాయల కోతకు పిల్లాపాపలతో పోతాయి. దసరా తర్వాత కొందరు కదులుతారు, సంక్రాంతి దాటితే ఎక్కువమంది.

పీర్ల పండుగ ప్రతి ఏటా పది, పదకొండు రోజులు ముందే వస్తుంది. పోయినేడు చార్టు చూసి ఈ ఏడు తేదీ వేస్తే తప్పుతుంది.

ఈ చార్టు చూడగానే ఒక మార్పు చేయక తప్పలేదు. మా దగ్గర వార్షికోత్సవం ఫిబ్రవరిలో చేసే ఆనవాయితీ ఉండేది. అప్పటికి డాన్సుకు ఎంపికైన పిల్లల్లో సగంమంది గుంటూరు చేలల్లో ఉండేవాళ్లు. డిసెంబరుకు మార్చాం. ఆటల సాధన జూలై నుంచి సెప్టెంబరు దాకా, సైన్స్ అక్టోబరు, నవంబరుల్లో, పాటలు, నాటికలు డిసెంబరులో. జనవరి నుంచి మార్చి దాకా టెన్త్ పిల్లలకు చదువు, మిగతా పిల్లలకు బడి వదలకుండా పట్టి ఉంచే పని. మీ మండలంలో సుగ్గి లేకపోవచ్చు. ఇటుకబట్టీలు ఉండొచ్చు, పొగాకు ఉండొచ్చు, జీడిమామిడి ఉండొచ్చు. పిల్లలు ఏ నెలలో మాయమవుతారో హాజరుపట్టీలు మూడేళ్లవి తిరగేస్తే దొరుకుతుంది.

జయంతులు, దినోత్సవాలు లెక్కకు మించి ఉంటాయి. అన్నీ చేయబోతే ఒక్కటీ సరిగ్గా చేయలేరు. నాలుగైదు ఎంచుకోండి. నాకు బాగా ఇష్టమైనది ఆగస్టు 29. గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు, హాకీ ఆటగాడు ధ్యాన్‌చంద్ పుట్టినరోజు ఒకటే కావడం మన అదృష్టం. పొద్దున ప్రతి పిల్లా ఇంట్లో మాట్లాడే మాటలు పది రాసుకొస్తుంది. సేద్యం మాటలు, వంటింటి మాటలు, తిట్లు తప్ప ఏవైనా సరే. వాటిని గోడపత్రికకు ఎక్కిస్తాం. సాయంత్రం ఆటలు. వాడుకభాష కోసం జీవితాంతం పోరాడిన మనిషిని తలుచుకోవడానికి దండ వేసి ఉపన్యాసం చెప్పడం కంటే ఇదే మంచి పద్ధతని నా నమ్మకం.

3. పేర్లు, పుట్టిన తేదీలు జూలైలోపే సరిచేయండి

ఇది విసుగు పుట్టించే పని. అయినా ఆటల కంటే ముందు దీన్నే ముగించాలి. ఎందుకో చెబుతాను.

ఏడో తరగతి అమ్మాయి ఒకతె, చెప్పుల్లేకుండా పరిగెత్తి మండలంలో మొదటొచ్చింది. జిల్లా ఎంపికలకు తీసుకెళ్లాం. అక్కడ టేబుల్ దగ్గర స్టడీ సర్టిఫికెట్, ఆధార్ పక్కపక్కన పెట్టి చూశారు. పుట్టిన సంవత్సరం ఒకదాంట్లో ఒకటి, ఇంకోదాంట్లో ఇంకొకటి. పిల్లను ట్రాక్ మీదికి రానివ్వలేదు. వాళ్ల తప్పు లేదు. ఆ సర్టిఫికెట్ మీద సంతకం నాది, ఆధార్‌తో సరిచూడకుండా పెట్టింది నేను. తిరుగు బస్సులో ఆ పిల్ల కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఊరొచ్చేదాకా మాట్లాడలేదు.

అప్పటినుంచి జూన్ చివరికి ప్రతి బడి నుంచి ఒక పట్టిక తెప్పించేవాణ్ణి. అడ్మిషన్ రిజిస్టర్‌లో పేరు, తేదీ. ఆధార్‌లో పేరు, తేదీ. యూడైస్‌లో (బళ్ల, పిల్లల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డు) పేరు, తేదీ, పెన్ నంబరు (పిల్లకు ఇచ్చే శాశ్వత విద్యా సంఖ్య). బ్యాంకు పాసుబుక్‌లో పేరు. నాలుగూ ఒకటైతే టిక్కు, లేకపోతే ఎర్ర సున్నా. ఎర్ర సున్నాల పిల్లల తల్లిదండ్రులను జనన ధ్రువీకరణ పత్రంతో రమ్మని చెప్పి, మండల కేంద్రంలో ఒకరోజు ఆధార్ క్యాంపు అడగండి. విడివిడిగా పొమ్మంటే కూలిపని పోగొట్టుకుని ఎవరూ పోరు. స్కాలర్‌షిప్పు, పిల్లల సైన్స్ ఆలోచనలకు ఇచ్చే ఇన్‌స్పైర్ డబ్బు, ఆటల ఎంట్రీ, చివరికి టెన్త్ హాల్‌టికెట్ వరకు అన్నీ ఈ పట్టిక మీదే ఆధారపడతాయి.

4. డబ్బు: తక్కువే, కానీ కలిపితే చాలుతుంది

బళ్లకు నిధులిచ్చే ప్రభుత్వ పథకం సమగ్ర శిక్ష నిబంధనల ప్రకారం కాంపోజిట్ గ్రాంట్ (బడి ఏడాది ఖర్చులకు ఇచ్చే డబ్బు) పిల్లల సంఖ్యను బట్టి వస్తుంది: 30 మంది వరకు రూ.10,000, 100 వరకు రూ.25,000, 250 వరకు రూ.50,000, 1,000 వరకు రూ.75,000. ఇందులో కనీసం పదోవంతు పరిశుభ్రతకు పెట్టాలి. క్రీడాసామగ్రికి విడిగా ప్రైమరీకి రూ.5,000, యూపీకి రూ.10,000, హైస్కూలుకు రూ.25,000 వరకు ఉంటుంది. ఇవి ఒకేసారి రావు, అనుకున్న నెలకూ రావు. అందుకే జూన్‌లోనే ఏది ముందు కొనాలో రాసిపెట్టుకుంటే డబ్బు పడిన వారంలో పని అయిపోతుంది. మార్చి చివర్లో ఆదరాబాదరాగా బిల్లులు పెట్టేవాళ్లు కొనేవి ఎప్పుడూ పనికొచ్చేవి కావు.

పదకొండు ప్రైమరీలూ ఎవరికివారు ఐదువేలు పెట్టి కొంటే పదకొండు చోట్ల పదకొండు క్యారమ్‌బోర్డులు వస్తాయి. అదే హెచ్‌ఎంలు కూర్చుని మాట్లాడుకుంటే ఒక జట్టు బళ్లలో ఒకరు స్కిప్పింగ్ తాళ్లు, రింగులు, ఒకరు ఫుట్‌బాళ్లు, ఒకరు చెస్‌బోర్డులు కొంటారు. నెలకోసారి మార్చుకుంటారు. ఒక్క జాగ్రత్త: ఏ బడి డబ్బుతో కొన్నది ఆ బడి స్టాక్ రిజిస్టర్‌లోనే ఎక్కాలి. వేరే బడికి పంపినప్పుడు తీసుకున్నవాళ్ల సంతకం ఉండాలి. స్నేహం కొద్దీ ఇచ్చిపుచ్చుకుని సంతకాలు వదిలేస్తే ఆడిట్ రోజు స్నేహమే చెడుతుంది.

ఖర్చుకు ముందు పాఠశాల యాజమాన్య కమిటీ తీర్మానం, తర్వాత ఓచరు, క్యాష్‌బుక్. కమిటీలో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులు ఉండాలని, మొత్తంలో సగం ఆడవాళ్లు ఉండాలని చట్టం చెబుతుంది. ఇంటికి పంపించి వేలిముద్ర వేయించుకొస్తే అది కమిటీ కాదు. ఏం కొన్నామో, ఎంతైందో బడిగోడ మీద సుద్దముక్కతో రాయండి. అలా రాసిన ఊళ్లోనే దాతలు ముందుకొచ్చారు. పంచాయతీ వాళ్లు అడగకుండానే రెండు ట్రాక్టర్ల గరుసు తోలించారు.

5. టీచర్లు: ఎవరికి ఏం వచ్చో కనుక్కోండి

అరవై మందిలోపు పిల్లలుంటే ఇద్దరు టీచర్లు ఉండాలని చట్టం. ఇద్దరిలో ఒకరు సెలవు పెట్టినా, డ్యూటీకి పోయినా మిగిలిన ఒక్కరి మీద ఐదు తరగతులు పడతాయి. కాబట్టి ప్రతి జట్టులోనూ ఎవరి బడికి ఎవరు సర్దుబాటు అన్నది ముందే రాసి అందరికీ ఇవ్వండి. పొద్దున ఏడింటికి ఫోన్ల మీద ఫోన్లు చేసే టెన్షన్ తప్పుతుంది.

మా ముప్పైచిల్లర టీచర్లలో ఒకాయనకు చెస్ బాగా వచ్చు, ఒక మేడం హరికథ నేర్చుకున్నారు, ఒకాయన నర్సరీ మొక్కలు పెంచుతారు. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరూ చెప్పలేదు. ఒక కాగితం తిప్పి "మీకు వచ్చిన ఒక పని" అని రాయమంటే చాలు. ప్రతి ఒక్కరూ ఆ ఒక్కటే, మొత్తం కాంప్లెక్స్‌కు నేర్పుతారు. మిగతావాటి భారం వాళ్ల మీద వేయకూడదు.

హైస్కూల్లో పీఈటీ (ఆటల టీచరు) ఒక్కరే ఉంటారు. వారానికి ఒక పూట ఆయన్ను యూపీలకు పంపాలంటే నోటిమాట చాలదు, రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. దారిలో ఏదైనా జరిగితే ఆయన డ్యూటీలో ఉన్నట్టు కాగితం మాట్లాడాలి.

6. ఉమ్మడి జట్టు కట్టడం

ఇదే అన్నిటికంటే ముఖ్యమైన పని, ఎక్కువ ఓపిక కావలసిన పని.

మొదట చెప్పిన తొమ్మిదిమంది ఆడపిల్లల బడిని, దానికి రెండు కిలోమీటర్ల దూరంలోని హైస్కూలును కలిపాం. ప్రైమరీల్లో ఐదో తరగతి పిల్లలను కూడా చూడ్డానికి రమ్మన్నాం. బుధ, శనివారాల్లో చివరి రెండు పిరియడ్లు. ఎవరి బడి ముందూ కాకుండా మధ్యలో ఉన్న గరుసు నేల ఎంచుకున్నాం. మావైపు నల్లరేగడి. వానపడితే కాలికి అంటుకుని లేవనివ్వదు, ఎండితే నెర్రెలిస్తుంది. నెర్రెలో మడమ ఇరుక్కుంటే చీలమండ పోతుంది. ఆటకు ముందు పిల్లలు చేయీ చేయీ పట్టుకుని వరుసగా నిలబడి ఒక చివర నుంచి ఇంకో చివరకు నడుస్తూ రాళ్లు, ముళ్లు ఏరేవాళ్లు. పదినిమిషాల పని. తర్వాత పాత పాలపొడి డబ్బా అడుగున మేకుతో చిల్లులు పొడిచి, సున్నం నింపి, తాడు లాగి కోర్టు గీసేవాళ్లం. బాలికల కబడ్డీకి 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. డబ్బా పట్టుకోవడం కోసం పిల్లలు వంతులేసుకునేవాళ్లు. కొలవడం, లంబకోణం సరిచూడడం అక్కడే నేర్చుకున్నారు: మూడు, నాలుగు, ఐదు మీటర్ల తాడుతో.

సాధన కలిసి చేసినా ఎంట్రీ ఫారం ఏ పిల్లకు ఆ పిల్ల బడి నుంచే వెళ్లాలి. స్కూల్ గేమ్స్‌లో అండర్-14, అండర్-17, అండర్-19 అని వయసుల వారీగా ఉంటాయి. తరగతిని బట్టి కాదు, పుట్టిన తేదీని బట్టి చూస్తారు.

ఆడపిల్లలను మైదానానికి తేవడానికి ముందు తల్లులతో మాట్లాడాలి. తండ్రులతో కాదు. బడికి రమ్మంటే కూలి పోతుంది కాబట్టి రాత్రి ఏడున్నరకు రామాలయం అరుగు మీద కూర్చున్నాం. ఇద్దరు మేడమ్‌లు వచ్చారు. ఒకావిడ సూటిగా అడిగింది: "నిక్కర్లు ఏసుకోని ఆడాల్నా సారూ? ఊళ్లో ఏమనుకుంటారు?" లేదమ్మా, ట్రాక్ ప్యాంటు, టీషర్టు అన్నాం. "మాపటేలకి ఇల్లు చేర్తుందా?" చేరుతుంది, మేడం వీధి మొదటిదాకా తోడొస్తుంది అన్నాం. మూడో ప్రశ్న గట్టిగా అడగలేదు, మేడం చెవిలో అడిగారు. దానికోసం ఆటసామాను సంచిలో నాప్‌కిన్లు, ఒక జత పాత ప్యాంట్లు ఎప్పుడూ ఉండేవి. ఈ మూడు మాటలూ ఒక్కరోజు తప్పినా ఆ ఊరి ఆడపిల్లలు మళ్లీ రారు. మేము తప్పలేదు.

సాధన మొదలయ్యే ముందు ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎంను పిలిచి రక్తపరీక్ష చేయించండి. రక్తహీనత మా వైపు ఆడపిల్లల్లో చాలా ఎక్కువ. కళ్లు తిరిగి పడితే "ఆటకు పనికిరాదు" అంటారు, కారణం రక్తం తక్కువ కావడం. వారం వారం ఇచ్చే ఐరన్ మాత్ర అన్నం తిన్నాక టీచరు ఎదుటే మింగించాలి. ఆగస్టు 10, ఫిబ్రవరి 10 నులిపురుగుల మాత్రలు వదలకండి.

పిల్లల మీద చేయి చేసుకోవడం, ఓడినందుకు గ్రౌండు చుట్టూ పరిగెత్తించి శిక్షించడం చట్టరీత్యా నిషేధం. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ మైదానానికీ వర్తిస్తుందని ప్రతి కోచ్‌కూ, బయటినుంచి వచ్చి నేర్పే యువకులకూ మొదటిరోజే చెప్పండి.

7. శనివారం

బ్యాగు లేని శనివారాన్ని ప్రైమరీల్లో ఇలా నడిపాం. పొద్దున బాలసభ. పిల్లలే అధ్యక్షులు, పిల్లలే మినిట్స్ రాస్తారు. ఒక పిల్ల కన్నడంలో పాట పాడితే కన్నడంలోనే పాడనివ్వాలి. తర్వాత పుస్తకాలు.

గ్రంథాలయం విషయంలో చిన్న బళ్లకు ఒక ఇబ్బంది. వచ్చిన పుస్తకాలు యాభై, వంద. పిల్లలు రెండునెలల్లో చదివేస్తారు, ఆపై బీరువాకు తాళం పడుతుంది. మేము రేకుపెట్టెలు పధ్నాలుగు కొని, ఒక్కోదాంట్లో అరవై పుస్తకాలు, మూతకు లోపల జాబితా అతికించి తిప్పడం మొదలుపెట్టాం. నెలవారీ కాంప్లెక్స్ మీటింగుకు వచ్చే టీచరు పాత పెట్టె తెచ్చి కొత్త పెట్టె పట్టుకెళ్తారు. చినిగిన పుస్తకానికి ఎవరినీ డబ్బు కట్టమనలేదు. పుస్తకం చినగడం అంటే చదివారని అర్థం. అతికించడం పిల్లలకే నేర్పాం.

మధ్యాహ్నం ఊరివాళ్లు నేర్పేది. మా ఊళ్లలో చెక్కభజన గురువులు ఉన్నారు. డీజే పెట్టి సినిమాపాటకు డాన్సు చేయించడం సులువే. కానీ గురువుగారు నెలరోజులు నేర్పిన చెక్కభజనను అదే ఊరి పిల్లలు ఆడితే, ఊరంతా వచ్చి చూస్తుంది. కళా ఉత్సవ్‌లో (బడిపిల్లల కళల పోటీ) తొమ్మిదో తరగతి నుంచి పైవాళ్లు పాల్గొనవచ్చు. అక్కడ కూడా ప్రాంతీయ కళకే విలువ.

8. సైన్స్, స్కాలర్‌షిప్పు

పిల్లల కొత్త ఆలోచనలకు కేంద్రం పెట్టే ఇన్‌స్పైర్ మానక్‌కు ఒక్కో బడి ఐదు ఆలోచనలు పంపవచ్చు. ఎంపికైన పిల్లకు నమూనా చేసుకోవడానికి రూ.10,000 ఆమె ఖాతాలోనే పడుతుంది. బజారులో అమ్మే మోడల్ కొని పంపితే ఎంపిక కాదు. మేము తరగతిలో ఒక డబ్బా పెట్టి, ఇంట్లో అమ్మ దేని గురించి విసుక్కుంటుందో చీటీ రాసి వేయమన్నాం. పత్తి ఒడిసంచి భుజం కోస్తోందని, మిరపకాయలు కోశాక చేతులు మంట అని, పొయ్యి పొగ అని చీటీలొచ్చాయి. ఆలోచనలు వాటిలోంచే పుట్టాయి. యూపీ స్కూలును మరచిపోకండి. చాలా యూపీలు తమకూ అవకాశం ఉందని తెలియక ఒక్కటీ పంపవు.

ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర స్కాలర్‌షిప్పు పరీక్ష ఎనిమిదో తరగతి పిల్లలకు. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి రూ.3,50,000 మించకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ చివరిదాకా ఏటా రూ.12,000. పరీక్షలో రెండు భాగాలు, 90 ప్రశ్నల చొప్పున: ఒకటి మెంటల్ ఎబిలిటీ, రెండోది పాఠాలు. పాఠాలు మన పిల్లలు ఎలాగో నెట్టుకొస్తారు. మెంటల్ ఎబిలిటీ ప్రశ్నలు ఎప్పుడూ చూసుండరు కాబట్టి బెదురుతారు. జట్టులోని బళ్ల ఎనిమిదో తరగతులను కలిపి, లెక్కల టీచరుతో ఆగస్టు నుంచే వారానికి రెండు గంటలు చెప్పించండి. ఆడపిల్లను ఇంటర్‌దాకా చదివించడానికి ఈ పన్నెండువేలు చాలా ఇళ్లల్లో మాట నిలబెట్టాయి.

9. పిల్లలను ఊరు దాటించేటప్పుడు

తల్లి లేదా తండ్రి సంతకంతో అనుమతి పత్రం. ఆడపిల్లలుంటే మేడం తప్పనిసరి. మేడం దొరక్కపోతే ప్రయాణం రద్దు చేసుకోవాలి. ఆటోలో పద్దెనిమిది మందిని కుక్కడం, గూడ్స్ బండి ఎక్కించడం ఎంత దగ్గరైనా వద్దు. ఆర్టీసీ బస్సు సమయం చూసుకుని పోటీకి బయల్దేరండి, లేదా అందరికీ సీటున్న బండి మాట్లాడండి. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు పేరు పిలిచి లెక్క. మందుల పెట్టె, నీళ్లు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్ల కాగితం రెండు కాపీలు.

పిల్లల మీద లైంగిక వేధింపు జరిగినట్టు తెలిసినా, అనుమానం వచ్చినా మనలో మనం విచారణ చేసి సర్దిచెప్పడానికి వీల్లేదు. పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పితీరాలి, చెప్పకపోవడం నేరం. పిల్లల సహాయవాణి 1098 నంబరు ప్రతి బడిగోడ మీద పిల్లల కళ్లకు అందే ఎత్తులో ఉండాలి.

10. అన్నం

ప్రైమరీ పిల్లకు రోజుకు 100 గ్రాముల బియ్యం, యూపీ పిల్లకు 150 గ్రాములు. తూకం సరిగా ఉందా అని మీరొక రోజు చూస్తే చాలదు, తల్లుల్లో ఇద్దరు వంతులవారీగా రుచి చూడాలి. వంట అక్కలకు బిల్లులు ఆలస్యమవుతాయి. వాళ్లు కిరాణా కొట్లో అప్పు తెచ్చి వండుతారు. బిల్లు మీ టేబుల్ మీద ఒక్కరోజు కూడా ఆగకూడదు. పోటీకి పోయే పిల్లలకు అన్నం కట్టి ఇవ్వమని ముందురోజే చెప్పండి. వాళ్ల గుడ్డు వాళ్లకు పోవాలి.

11. సుగ్గి నెలలు

జనవరిలో ఒక సోమవారం బడికి పోతే తరగతిలో సగం బల్లలు ఖాళీగా ఉంటాయి. ఆదివారం రాత్రే లారీలు కదిలుంటాయి. అలా ఖాళీ అయ్యాక చేసేదేం లేదు. చేయాల్సింది నవంబరులోనే.

నవంబరు రెండోవారంలో ఇంటింటికీ పోయి ఎవరు పోతున్నారు, ఎక్కడికి, ఎన్నాళ్లు, పిల్లలను ఎవరి దగ్గర వదులుతారు అని రాసుకోండి. అవ్వ, తాత ఉన్న ఇల్లు ఒక రకం. ఎవరూ లేని ఇల్లు ఇంకో రకం. రెండోరకం పిల్లల జాబితాతో సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టల్ అడగాలి. జాబితా ఎంత ముందు పంపితే హాస్టల్ అంత ముందు తెరుచుకుంటుంది. లారీలు పోయాక తెరిస్తే అందులో ఉండడానికి పిల్లలుండరు.

హాస్టల్‌లో పిల్లను వదలడానికి తల్లి ఎందుకు ఒప్పుకుంటుంది? అన్నం పెడతారని కొంత. కానీ పిల్ల "నేనుంటా" అన్నప్పుడే ఒప్పుకుంటుంది. పిల్ల ఎందుకంటుందంటే అక్కడ తన జట్టు ఉంది కాబట్టి. మా కబడ్డీ జట్టులో ఐదుగురు ఆడపిల్లలు మొదటి ఏడాది సుగ్గికి పోలేదు. వాళ్లను చూసి ఆ పక్క ఏడాది వాళ్ల చెల్లెళ్లు ఆగారు. హాస్టల్‌లో సాయంత్రం ఆట, రాత్రి కథల పెట్టె తప్పక ఉండాలి. రాత్రిపూట పిల్లలు ఏడుస్తారు, ముఖ్యంగా మొదటివారం. అమ్మకు ఫోన్ చేయించడానికి వార్డెన్ ఫోన్‌లో బ్యాలెన్సు ఉందా అని కూడా చూసుకోవాలి.

పోయే పిల్లలను వదిలేయకూడదు. పేరు, తరగతి, పెన్ నంబరు, మన ఫోన్ నంబరు రాసిన కార్డు ఇచ్చి, పోయిన ఊళ్లో బడికి చూపించమనండి. చట్టం ప్రకారం టీసీ లేదని ఏ బడీ చేర్చుకోకుండా ఉండకూడదు. ఆ ఊరి హెచ్‌ఎంకు మీరే ఫోన్ చేస్తే ఇంకా మంచిది. పేరు రిజిస్టర్‌లోంచి కొట్టేయకండి. కొట్టేసిన పేరును మళ్లీ ఎక్కించడానికి ఆ తండ్రి బడి మెట్లెక్కడు.

12. నెలవారీ మీటింగు

మీటింగులో పొద్దుటి గంటను సర్క్యులర్లు చదవడానికి పెట్టకండి, అవి వాట్సాప్‌లో వచ్చే ఉంటాయి. మొదట పుస్తకాల పెట్టెలు మార్చుకోవడం. తర్వాత ప్రతి టీచరూ తన బడిలో ఈ నెల కనిపించకుండా పోయిన పిల్లల పేర్లు చదవాలి. సంఖ్య కాదు, పేర్లు. ఆ పేరు విన్నప్పుడు పక్క ఊరి టీచరు "ఆ పిల్లోడు మా ఊళ్లో వాళ్ల మేనమామ ఇంట్లో ఉన్నాడు సార్" అంటారు. అలా దొరికినవాళ్లు ఎందరో. ఏప్రిల్ మీటింగులో ఈ జాబితాను సుగ్గికి పోయిన పిల్లల జాబితాతో కలిపి, ఏ ఇంటికి ఏ టీచరు పోవాలో పంచుకోండి. మే చివర్లో లారీలు తిరిగొస్తాయి. బళ్లు తెరిచే లోపు ఆ ఇళ్ల గడప తొక్కి, ఈసారి జట్టులో నీ చోటు అలాగే ఉందని పిల్లకు చెప్పి రావాలి.